జవాబు కార్డు

పోస్టుకార్డు మీద స్టాంపు అంటించి ఉండదు, అచ్చయి ఉంటుంది. అది కావాలంటే కార్డు మూలనే కత్తిరించుకోవాలి. అలా కత్తిరిస్తే వెనకవైపు రాత కూడా పోతుందని పదేళ్ళ కుర్రాడికి తట్టదు. నాకు తట్టలేదు. తట్టినా ఆగేవాణ్ణి కాదేమో.

ఆ కార్డులు మా సంగీతం మేష్టారివి. చోడవరంలో గౌరీశ్వరాలయం వైపు వీధిలో ఆయనకో పెంకుటిల్లు ఉండేది. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుని వచ్చి, కచేరీల్లో నిలదొక్కుకోలేక, మా ఊరి పిల్లలకి సరళీస్వరాలూ జంటస్వరాలూ చెప్పుకుంటూ బతికిన మనిషి. ఆయనతోపాటు చదివిన స్నేహితుడొకరు బరంపురంలో స్థిరపడ్డారు. ఇద్దరి మధ్యా వారానికో కార్డు. క్షేమసమాచారాలు చివరి రెండు పంక్తులే. మిగతాదంతా స్వరం. ఫలానా కీర్తన అనుపల్లవిలో మూడో సంగతి నువ్వెలా పాడతావు, నాకు ఇలా గుర్తు, నిన్న రేడియోలో ఒకాయన ఇంకోలా పాడారు, ఏది నయం? ఇదీ వాళ్ళ గొడవ. మేష్టారు కార్డు చదివి, కాసేపు కూనిరాగం తీసి, గోడన వేలాడే ఇనపతీగకి గుచ్చేవారు. పాఠానికి వెళ్ళిన నేను ఆయన లోపలికెళ్ళిన అదను చూసి, తీగ మీంచి దింపి, మూల కత్తిరించి, మళ్ళీ గుచ్చేసేవాణ్ణి. నా స్టాంపుల పుస్తకం చూసి మా నాన్న మురిసిపోయేవాడు.

ఆ బరంపురం ఆయన శ్రీకారం కూడా చుట్టకుండా ఎడమ మూల నుంచే పల్లవి ఎత్తుకునేవారు. నా కత్తెరకి పోయింది సరిగ్గా ఆ ఎత్తుగడే. తపాలా ముద్ర పడేది స్టాంపు మీద కాబట్టి తారీఖూ పోయింది. ఇప్పుడా కార్డు ఎవరి చేతికిచ్చినా అది ఎప్పటిదో చెప్పలేరు, పాట ఎక్కడ ఎత్తుకోవాలో చెప్పలేరు.

చిన్నతనం కదా, పోనిద్దురూ అని మీరనొచ్చు. అందుకే పెద్దయ్యాక చేసినవి చెబుతాను. అవి నేనొక్కణ్ణే చేసినవి కావు. మా కమిటీ, మా వీధి, మా తరం, అందరం కలిసి చేశాం.

శ్రీపాద పినాకపాణి గారి గురించి నేను మొదట విన్నది మేష్టారి నోటనే. పేరు పెట్టి అనేవారు కాదు, “డాక్టరు గారు” అనేవారు. 1913 ఆగస్టు 3న ఇప్పటి శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో పుట్టి, విశాఖ మెడికల్ కాలేజీలో చదివి, 1938లో ఎంబీబీఎస్, 1945లో ఎండీ పుచ్చుకున్న వైద్యుడు. అంటే మా చోడవరం వాళ్ళు రోగమొస్తే బండి కట్టించుకుని వెళ్ళే కింగ్ జార్జి ఆసుపత్రి వార్డుల్లోనే ఆయన వైద్యం నేర్చుకున్నారు. తరవాత కర్నూలు మెడికల్ కాలేజీలో వైద్యశాస్త్ర ప్రొఫెసరుగా పనిచేసి 1968లో రిటైరయ్యారు. జీతం వైద్యానిది, జీవితం సంగీతానిది. చిన్నప్పుడు మైసూరు బి.ఎస్. లక్ష్మణరావు గారి దగ్గరా, కొంతకాలం ద్వారం వెంకటస్వామి నాయుడు గారి దగ్గరా నేర్చుకున్నారు. ఆ పైన మద్రాసు వైపు చెవి పెట్టారు. వీణ ధనమ్మాళ్ శిష్యుడైన ఆర్. రంగరామానుజ అయ్యంగారి దగ్గర పాఠం పట్టారు. తంజావూరు బాణీని తెలుగు గొంతుల్లోకి ఎక్కించడమే పనిగా పెట్టుకున్నారు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చిన సత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం, వీళ్ళందరికీ ఆయన గురువు. ఇందులో నూకల వారు పుట్టింది అనకాపల్లిలో. మాకు ఇరవై కిలోమీటర్లు. చోడవరానికి రైలు లేదు కాబట్టి మేం ఏ ఊరెళ్ళాలన్నా ముందు అనకాపల్లే వెళ్ళాలి. రైలు కోసం వెయ్యిసార్లు వెళ్ళాను. నూకల వారి కోసం ఒక్కసారీ వెళ్ళలేదు.

డాక్టరు గారు చేసిన పెద్దపని రాయడం. తోడి రాగంలో గాంధారం ఉందనుకోండి, అది నిలకడగా ఒకచోట కూర్చోదు. రిషభానికీ మధ్యమానికీ నడుమ ఊగుతుంది. ఆ ఊపే తోడి. కాగితం మీద ‘గ’ అని రాసి ఊరుకుంటే చదివినవాడు చదునైన గాంధారం పలికిస్తాడు, తోడి చచ్చిపోతుంది. మన పాత పుస్తకాల్లో చాలావరకు ఇంతే, ఎముకలుంటాయి, కండ ఉండదు. కండ గురువు నోటి నుంచి రావాలి. ఆ నోరు మూసుకుపోతే? మా మేష్టారూ బరంపురం ఆయనా కార్డుల మీద పడ్డ పాట్లన్నీ ఈ చిక్కుతోనే. ‘ఇక్కడ గాంధారం కొంచెం వణకాలి సుమా’ అని పక్కన రాసుకునేవారు పాపం. డాక్టరు గారు గమకాన్ని విప్పి, ఏ స్వరం ఏ స్వరాన్ని తాకి వెళుతుందో అణువణువూ అక్షరాల్లో పెట్టడానికి కూర్చున్నారు. వార్డులో ఉదయం ఇంత జ్వరం, సాయంత్రం ఇంత, నాడి ఇంత అని కేసు షీటు రాసే చెయ్యి అది. పాటకి కూడా అలాగే కేసు షీటు రాసింది. రేపు ఇంకో డాక్టరు వచ్చి చూసినా రోగి సంగతి తెలియాలన్నట్టు. తిరుమల తిరుపతి దేవస్థానం నాలుగు సంపుటాలుగా అచ్చువేసిన ‘సంగీత సౌరభం’ ఆ రాత ఫలితమే. వందల కీర్తనలు. అవి కాక ‘మనోధర్మ సంగీతం’, ‘పల్లవి గాన సుధ’, ‘మేళ రాగ మాలిక’.

నా లెక్కలో ఇవి పుస్తకాలు కావు, ఉత్తరాలు. ముఖం తెలియని ఎవరికో, తన తరవాత పుట్టబోయే ఎవరికో, తెలుగు లిపి చదవగల ఎవరికో రాసినవి. చిరునామా మాదే. అందాయి కూడా.

1980ల నడుమ మా ఊళ్ళో త్యాగరాజ ఆరాధనకి ఒక కమిటీ ఉండేది. కార్యదర్శిని నేను. కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి కాబట్టి ఉత్తరాలు రాయడం నా వంతు. 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ డాక్టరు గారికి సంగీత కళానిధి ఇచ్చింది, 1984లో పద్మభూషణ్ వచ్చింది. అప్పుడు మేల్కొన్నాం. మనవాడే కదా, మన విశాఖలోనే చదివాడు కదా, పిలుద్దాం అన్నాం. పైవాళ్ళు బిరుదిచ్చేదాకా మనవాడని గుర్తు రాలేదన్నమాట, అది వేరే సిగ్గు. సమావేశంలో మా అధ్యక్షుడు బెల్లం వర్తకుడు, మంచి మనిషి, చందాలన్నీ ఆయన మొహం చూసే వచ్చేవి. ఆయన అన్నాడు: “డాక్టరు గారొస్తే మనకి గౌరవమే మేష్టారూ, కాదనను. జనం రావద్దేటండీ?”

ఎవ్వరం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ‘జనం వస్తారు, నేను తీసుకొస్తాను, నా క్లాసు పిల్లల్ని కూర్చోబెడతాను’ అని ఒక్క ముక్క అనాల్సినవాణ్ణి నేనే. ఆ ఏడు పొద్దున్న పంచరత్నాలు అయ్యాయనిపించాం. ఆ అయిదింట్లో మా బృందానికి సరిగా వచ్చినవి రెండు. మిగతా మూడింటికి తంబూర చూసుకుంటూ పెదవులు కదిపాం. సాయంత్రం విశాఖ నుంచి సినిమా పాటల ఆర్కెస్ట్రా. జనం విరగబడ్డారు. వేదిక వెనక త్యాగయ్య పటానికి వేసిన బంతిపూల దండ రంగు లైట్లు పడి వెలిగింది. కమిటీ విజయవంతమైందని తీర్మానం రాసింది కూడా నేనే.

డాక్టరు గారికి కనీసం ఉత్తరమైనా రాద్దామని పదిహేను పైసల కార్డు ఒకటి కొని జేబులో పెట్టుకున్నాను. ఏమని రాయాలి? ‘తమర్ని పిలవాలనుకున్నాం, పిలవలేదు’ అనా? ఆ కార్డు చొక్కాతోపాటు చాకింటికి వెళ్ళి ముద్దయి వచ్చింది. 1968లో రిటైరైన మనిషి కర్నూల్లోనే 2013 మార్చి 11 దాకా ఉన్నారు. నలభై అయిదేళ్ళు. చోడవరం నుంచి కర్నూలు దాదాపు ఏడు వందల కిలోమీటర్లు, కార్డుకి మూడు నాలుగు రోజులు. నేను రాయలేదు. మా కమిటీ రాయలేదు.

డబ్బు లేక అని అబద్ధమాడను. చెరుకు పండే ఊరు మాది, పక్కనే గోవాడ షుగర్ ఫ్యాక్టరీ. చవితి పందిళ్ళకి తొమ్మిది రోజులూ సీరియల్ లైట్లు మాకు లోటు లేదు. చెవులు లేకపోయాయి. చెవులు పెంచాల్సిన పని ఎవరిది? ముప్పై ఏళ్ళు నేను క్లాసులో వాగ్గేయకారుల పాఠం చెప్పాను. ‘వాగ్గేయకారుడు అనగానేమి?’ నాలుగు మార్కులు. వాక్కునూ గేయాన్నీ రెంటినీ తానే కూర్చినవాడు అని రాస్తే నాలుగుకి నాలుగు వేశాను. ఆ ముప్పై ఏళ్ళలో క్లాసులో ఒక్క కీర్తన వినిపించలేదు. టేప్ రికార్డరు స్టాఫ్ రూములోనే ఉండేది, క్రికెట్ కామెంటరీ ముగిశాక ఖాళీగా కూడా ఉండేది. గేయం లేకుండా వాగ్గేయకారుణ్ణి చెప్పిన తెలుగు మేష్టర్లం ఎంతమందిమి ఉన్నామో! నా విద్యార్థుల్లో ఎందరో ఇప్పుడు మేష్టర్లు. వాళ్ళూ నాలుగు మార్కులే వేస్తున్నారు.

త్యాగయ్య రాసింది తెలుగులో, పాడి నిలబెట్టింది అరవవాళ్ళు అని మనం సభల్లో కాస్త గర్వంగా చెప్పుకుంటాం, వాళ్ళు మన భాషకి సేవ చేశారన్నట్టు. సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని 1904లో ఎట్టయపురంలో అచ్చువేశారు. తమిళదేశం నడిబొడ్డున, గమకాలకి గుర్తులు పెట్టి, తెలుగు లిపిలో. త్యాగరాజ శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ ఇంటి రాతప్రతుల్ని మదురైలో సౌరాష్ట్ర సభ వారు జాగ్రత్త చేశారు. వాళ్ళ ఇంటి భాష తెలుగు కాదు. అయినా ఆ కట్టలు చెద పట్టకుండా చూసుకున్నారు. ఇక్కడ మా అటక మీద ఏం జరిగిందో చెబుతాను.

అంతకు ముందు సంతాప సభల సంగతి. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. 2013 మార్చిలో డాక్టరు గారు పోయినప్పుడు మేం సభ పెట్టాం. పట్టుమని పాతికమంది లేరు. నేను వ్యాసం చదివాను. పుట్టిన తేదీ, చదువు, శిష్యులు, పురస్కారాలు, ‘తీరని లోటు’. నాకు ఆయనతో పరిచయం లేదు, ఆయన పాట ఒక్కటైనా మొదటినుంచీ చివరిదాకా విన్నట్టు గుర్తు లేదు. మరి ఏ లోటు తీరలేదు నాకు? అదే ఏడు జులైలో నూకల వారు పోయారు. మళ్ళీ సభ. అదే వ్యాసం తీశాను. పేరు మార్చాను, ఊరు మార్చాను, పద్మభూషణ్ పక్కన 1984 కొట్టేసి 2010 రాశాను. తరవాతి ఏడు డిసెంబరు 8న నేదునూరి వారు విశాఖలోనే కన్నుమూశారు. ఈసారి కొట్టివేతలు ఎక్కువై కాగితం నలిగిపోయింది, కొత్తగా రాయాల్సి వచ్చింది. కళానిధి 1991 అని తప్ప కొత్తగా ఏమీ తోచలేదు. ఇరవై ఒక్క నెలల్లో గురువూ ఇద్దరు శిష్యులూ వెళ్ళిపోతే, మా ఊరు వాళ్ళకిచ్చింది ఒక్క వ్యాసం.

ఆ రెండో సభకీ మూడో సభకీ మధ్య హుద్‌హుద్ తుఫాను వచ్చింది.

2014 చవితి రోజుల్లో మేష్టారి అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోను చేసింది. మేష్టారు పోయి చాలా ఏళ్ళయింది, ఇంటికి తాళం. “అన్నయ్యా, నాన్న పెట్టె అటక మీదే ఉండిపోయింది. పెంకులు జారి కారుతోందిట. ఉత్తరాలు, పాటల పుస్తకాలు అన్నీ అందులోనే. నీకైతే పనికొస్తాయి, తీసుకెళ్ళవా?” తాళంచెవి పక్కింట్లోనే ఉంది. మా ఇంటికీ ఆ ఇంటికీ నడిస్తే పది నిమిషాలు. “తప్పకుండానమ్మా, దసరా వెళ్ళాక చూస్తాను” అన్నాను. ఆ ఏడు దసరా అక్టోబరు 3. దసరా వెళ్ళింది. అలసటగా ఉంది, వచ్చే ఆదివారం అనుకున్నాను. ఆ ఆదివారమే అక్టోబరు 12.

గాలి తగ్గాక మూడో రోజున వెళ్ళాను. ఇంటి కప్పు సగం వీధిలో ఉంది. ఇనప్పెట్టె మూత ఊడి, లోపల జానెడు నీళ్ళు. నోటుపుస్తకాలు అంబలిలా అయిపోయాయి. సిరాతో రాసినవన్నీ నీలంగా కరిగి ఒకే ముద్ద. ఒక్క వింత ఏమిటంటే, పెన్సిలుతో రాసిన కార్డులు చెక్కు చెదరలేదు. అవి ఏరి, నీడన ఆరబెట్టాను. పదకొండు తేలాయి. ఏడింటికి మూల లేదు.

ఆ కార్డులు ఆరుతున్న వారంలో బీరువా పైఅరలోంచి ‘సంగీత సౌరభం’ దింపాను. నా దగ్గర నాలుగు సంపుటాలూ ఉన్నాయి. తిరుపతి వెళ్ళినప్పుడు దేవస్థానం పుస్తకాల దుకాణంలో లడ్డూలతోపాటు కొన్నవి. ఇంటికొచ్చిన వాళ్ళకి చూపించేవాణ్ణి. అట్ట నలగలేదని గొప్ప నాకు! ఆ రోజు ప్లాస్టిక్ కవరు చించి మొదటిసారి తెరిచాను. అక్షరాలన్నీ నాకొచ్చినవే. స, రి, గ, మ. పైన చుక్క, కింద చుక్క, గీత. చదవగలను. పాడలేను. చిన్నప్పుడు మేష్టారి దగ్గర గీతాల దాకా వచ్చి, పరీక్షలని మానేసినవాణ్ణి. ఆ ఉత్తరానికి జవాబు పాటే. వ్యాసం కాదు, దండ కాదు, సభ కాదు. అరవై దాటిన గొంతుతో ఒక పేజీ ప్రయత్నించి చూశాను. మా ఆవిడ లోపలినుంచి “ఏమిటండీ, ఒంట్లో బాగులేదా?” అంది.

కొందరంటారు, ఇప్పుడు యూట్యూబులో అన్నీ ఉన్నాయి కదండీ అని. ఉన్నాయి, సంతోషమే. వోలేటి వారి పాత రికార్డులు ఎవరో పుణ్యాత్ములు ఎక్కించారు, రోజూ వింటున్నాను. అయితే అవి ఎక్కించినవాళ్ళు ఇళ్ళలో క్యాసెట్లు పదిలంగా దాచుకున్నవాళ్ళు, దసరా దాకా ఆగనివాళ్ళు. మా చోడవరం నుంచి అందులోకి వెళ్ళింది ఏమీ లేదు. 2022లో జిల్లా పేరు కూడా మారింది, విశాఖ పోయి అనకాపల్లి వచ్చింది. కొత్త జిల్లాలో ఎవరెవరు గొప్పవాళ్ళు, పుస్తకం వేస్తామని ఒక కుర్రాడు వచ్చి నన్ను అడిగాడు. నూకల వారి పేరు చెప్పాను. “ఆయన ఉత్తరాలు గానీ, చేతిరాత గానీ మీ వైపు ఎవరి దగ్గరైనా ఉన్నాయా మేష్టారూ?” అని అడిగాడా కుర్రాడు. మంచి ప్రశ్న. నలభై ఏళ్ళ కిందట మేం అడగాల్సిన ప్రశ్న.

మిగిలిన పదకొండు కార్డుల్లో ఒకటి జవాబు కార్డు. ఈతరం వాళ్ళకి తెలియదు కాబట్టి చెబుతాను. రెండు కార్డులు కలిపి మడతపెట్టి అమ్మేవారు. ఒక సగం మీద మనం రాస్తాం, రెండో సగం మీద మన చిరునామాయే రాసి పంపిస్తాం. అందుకున్నవాడు ఆ సగం చింపి, జవాబు రాసి, పైసా ఖర్చు లేకుండా డబ్బాలో వేస్తే చాలు. బరంపురం ఆయన అలాంటిది పంపారు. ఒక కీర్తన చరణంలో ఒక సంగతి తనకి సందేహంగా ఉందట, తెలిస్తే రాయమని. రెండో సగం చింపలేదు. మేష్టారు వేరే కార్డు మీద రాశారో, అసలు రాయలేదో చెప్పేవాళ్ళు లేరు. ఆ సంగతి నేను పాడగలిగితే ఇప్పుడైనా జవాబు తేలేది. దాని మూల మాత్రం భద్రంగా ఉంది, నా కత్తెర కంట పడలేదు.

మీ ఇంట్లోనో మీ పక్కింట్లోనో పాట నేర్చిన పెద్దవాళ్ళ పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. కార్డులు, స్వరాల నోటుపుస్తకాలు, అట్టపెట్టెలో క్యాసెట్లు. ఈ రోజే దింపండి. కార్డుకి రెండు వైపులా ఫోనుతో ఫొటో తీయండి, ఎవరు ఎవరికి రాశారో తెలిసినవాళ్ళు బతికుండగానే అడిగి పక్కన రాసిపెట్టండి. ఆ పెద్దవాళ్ళు ఇంకా ఉంటే మొదట వాళ్ళ దగ్గరికే వెళ్ళండి. దసరా వెళ్ళాక అనకండి.